చివరి మ్యాచ్ ఏదో ముందు తెలియని ఆట: గేలిక్ కెప్టెన్‌కు అభిమానుల వీడ్కోలు

2022 జూన్‌లో ఐర్లాండ్‌లోని క్లోనెస్ మైదానంలో, గేలిక్ ఫుట్‌బాల్ అనే అక్కడి ఆటలో, డొనెగాల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టు ఆర్మా కౌంటీ చేతిలో 3-17, 0-16 తేడాతో చిత్తుగా ఓడింది. చికాకుతో ఎవరి దారిన వాళ్లు కార్లెక్కి ఇంటికి వెళ్లిపోయే రకం మ్యాచ్ అది. ఐదు నెలలు గడిచాక, నవంబరులో, డొనెగాల్ కెప్టెన్ మైకేల్ మర్ఫీ రిటైర్మెంట్ ప్రకటించాడు. అతని ఆఖరి మ్యాచ్ జూన్‌లోనే అయిపోయిందని జనానికి అప్పుడు తెలిసింది. 12 సీజన్లు కౌంటీని నడిపించినవాడికి వీడ్కోలు మ్యాచ్ లేదు, సహచరుల భుజాల మీద ఊరేగింపు లేదు. 2013 నవంబరులో వాంఖడేలో సచిన్‌కు జరిగిన సాగనంపు చూసినవాళ్లకు ఇది వింతగానే అనిపిస్తుంది. ఐర్లాండ్‌లో మాత్రం ఇందులో అవమానమేమీ లేదు, ఇదే మామూలు. ఆట అల్లికలోనే వీడ్కోలు మ్యాచ్‌కు చోటు లేదు కాబట్టి ఆ బాధ్యత మొత్తం అభిమానుల మీద పడుతుంది. కొందరు దాన్ని చక్కగా చేస్తారు, చాలామంది తొందరలో పాడుచేస్తారు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జట్టుకు 15 మంది. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, అంటే మామూలు ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది. బంతి గుండ్రంగా ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు. కానీ నాలుగు అడుగులకు మించి ఊరికే మోసుకుపోకూడదు. నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా కాలి మునివేళ్లతో తన్ని తిరిగి చేతుల్లోకి తెచ్చుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొట్టకూడదు. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలోకి పోతే గోల్, దాని విలువ మూడు పాయింట్లు. 2025 నుంచి 40 మీటర్ల వంపుగీత బయటి నుంచి కొట్టి పైనుంచి పంపితే రెండు పాయింట్లు ఇస్తున్నారు. స్కోరులో ముందు గోల్స్, తర్వాత పాయింట్లు రాస్తారు. పైన చెప్పిన 3-17 అంటే మొత్తం 26. కౌంటీల మధ్య మ్యాచ్ 70 నిమిషాలు సాగుతుంది. ఆల్ ఐర్లాండ్ చాంపియన్‌షిప్ అనే కౌంటీల పోటీలో ఏటా అంతిమ విజేతకు దక్కేది సామ్ మగ్వాయర్ కప్పు. ఫైనల్ జరిగేది 82,300 మంది పట్టే డబ్లిన్ క్రోక్ పార్క్‌లో.

అసలు విషయం డబ్బు దగ్గర ఉంది. 1884లో తుర్లెస్‌లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అని పిలిచే సంస్థ, ఇప్పటికీ ఆటగాళ్లకు జీతం ఇవ్వదు. ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే చిన్న గ్రాంటు, పేరున్న కొద్దిమందికి ప్రకటనల ఆదాయం, అంతే. ఐర్లాండ్ ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం కౌంటీ ఆటగాళ్లు ఆట కోసం వారానికి 31 గంటల దాకా వెచ్చిస్తున్నారు. ఇది ఉద్యోగమో చదువో చేసుకుంటూనే. డొనెగాల్‌కు ఇంకో భారం కూడా ఉంది. ఆ కౌంటీకి రైలు లేదు. డబ్లిన్‌లో పనిచేసే ఆటగాడు డొనెగాల్‌లోని లెటర్‌కెనీకి రావాలంటే దాదాపు 240 కిలోమీటర్లు రోడ్డు మీదే రావాలి, శిక్షణ ముగిశాక రాత్రికి రాత్రి తిరిగి పోవాలి. శీతాకాలం పొడవునా ఇలా తిరగడం ఎంత కష్టమో ఆ దారిలో బండి నడిపినవాళ్లకే తెలుసు.

జట్టు ఎంచుకునే వీలు కూడా ఆటగాడికి పెద్దగా లేదు. పెరిగిన ఊరి క్లబ్‌కు ఆడతాడు, ఆ క్లబ్ ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీకి ఎంపికవుతాడు. బదిలీలు ఉన్నా అవి అరుదు, వాటిని జనం మెచ్చరు. కాబట్టి రిటైరయ్యే కెప్టెన్ ఎక్కడికో వెళ్లిపోయే తార కాదు. వచ్చే సోమవారం కూడా అదే ఊళ్లో అదే పనికి వెళ్తాడు, అదే దుకాణంలో పాలు కొంటాడు. అభిమానులు రాసే ప్రతి మాటా అతనికో, వాళ్లమ్మకో, పక్కింటివాళ్లకో చేరుతుంది. గేలిక్ వీడ్కోలు మాటల్లో అతిశయోక్తి తక్కువగా, వివరం ఎక్కువగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

వేదిక ఎందుకు ఉండదు

పోటీ నిర్మాణం ఒక కారణం. ఆల్ ఐర్లాండ్ చాంపియన్‌షిప్ ఓడితే ఇంటికే అన్న పద్ధతి మీద నడుస్తుంది. మధ్యలో కొన్నేళ్లు గ్రూపు దశలు పెట్టినా చివరికి కప్పు ఎత్తే ఒక్క జట్టు తప్ప దాదాపు అందరి సీజనూ ఓటమితోనే ముగుస్తుంది. ఇది నా చివరి మ్యాచ్ అని ముందే ప్రకటిస్తే, గెలిచినప్పుడల్లా ఆ చివరిది వారం వారం ముందుకు జరుగుతుంది. జట్టు దృష్టి కప్పు మీద నుంచి ఒక మనిషి మీదికి మళ్లుతుంది. కెప్టెన్ అయినవాడు అలా చేయడు. స్వదేశంలో జరిగే సిరీస్‌లో రెండో టెస్టు అని తేదీ ఖాయం చేసుకునే వీలు క్రికెట్‌లో ఉంది, ఇక్కడ లేదు.

రెండోది క్యాలెండర్. 2022 నుంచి సీజన్‌ను రెండు ముక్కలు చేశారు. జనవరి నుంచి జులై దాకా కౌంటీల ఆట, ఆ తర్వాత క్లబ్‌ల ఆట. వేసవిలో కౌంటీ ఓడిన వెంటనే కెప్టెన్ తన క్లబ్ శిక్షణలో ఉంటాడు. శరీరం ఇంకో ఏడాదికి ఒప్పుకుంటుందా లేదా అన్న ఆలోచన క్లబ్ సీజన్ ముగిశాక మొదలవుతుంది. శీతాకాలం శిక్షణకు మేనేజరు కొత్త బృందాన్ని పిలిచే ముందు జవాబు చెప్పాలి. అందువల్ల ఈ ప్రకటనలు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్య వస్తాయి. అప్పుడు మైదానాలు బురదగా, గ్యాలరీలు ఖాళీగా ఉంటాయి. చప్పట్లు కొట్టడానికి చోటే ఉండదు.

మూడోది జెర్సీ. సచిన్ 10నీ, ధోనీ 7నీ పక్కన పెట్టేసినట్టు ఇక్కడ పెట్టలేరు. గేలిక్ ఫుట్‌బాల్‌లో అంకె మనిషిది కాదు, స్థానానిది. 1 గోల్‌కీపర్, 6 సెంటర్ హాఫ్‌బ్యాక్, 8, 9 మిడ్‌ఫీల్డ్, 11 సెంటర్ హాఫ్‌ఫార్వర్డ్, 14 ఫుల్‌ఫార్వర్డ్. చాంపియన్‌షిప్ మ్యాచ్‌కు 26 మందిని ప్రకటిస్తారు, 16 నుంచి 26 దాకా బెంచివాళ్లవి. ప్రత్యర్థిని తికమక పెట్టడానికి ప్రకటించిన జట్టును ఆఖరి నిమిషంలో మార్చడం మామూలే కాబట్టి ఆ అంకెను కూడా పూర్తిగా నమ్మలేం. 14 నంబరును రిటైర్ చేయాలి అని ఉత్సాహంగా రాసే అభిమాని తన జట్టును ఫుల్‌ఫార్వర్డ్ లేకుండా ఆడమంటున్నట్టే. ఈ కోరిక ప్రతిసారీ ఎవరో ఒకరు కోరుతూనే ఉంటారు, పాపం.

కెప్టెన్ అంటే ఇక్కడ ఏమిటి

ఇది తెలియకుండా రాసే వీడ్కోలు తేలిపోతుంది. మైదానంలో కెప్టెన్ బాధ్యతలు టాస్ వేయడం, రిఫరీతో మాట్లాడటం వరకే. వ్యూహం మేనేజరు చేతిలో ఉంటుంది. క్రికెట్ కెప్టెన్‌లా ఫీల్డింగ్ మార్చడం, బౌలర్‌ను పిలవడం లాంటి అధికారమేదీ లేదు. అయినా ఆ పదవికి అంత బరువు ఎందుకంటే, గెలిచిన రోజు కప్పు అందుకుని మాట్లాడేది అతనే. క్రోక్ పార్క్‌లో హోగన్ స్టాండ్ మెట్లెక్కి, జీఏఏ అధ్యక్షుడి చేతుల మీదుగా సామ్ మగ్వాయర్ అందుకుని, కొన్ని వాక్యాలైనా ఐరిష్ భాషలో మాట్లాడి, ఓడిన జట్టుకు మూడుసార్లు జేజేలు పలికించి దిగడం ఆనవాయితీ. ఆ స్టాండ్‌కు పేరు వచ్చింది 1920 నవంబరు 21న అదే మైదానంలో బ్రిటిష్ బలగాల కాల్పుల్లో చనిపోయిన టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ మీదుగా. ఆ మెట్లెక్కిన కెప్టెన్‌ను జనం మరవరు. డొనెగాల్ మొదటిసారి గెలిచింది 1992లో, డబ్లిన్ మీద 0-18, 0-14తో. ఆనాటి కెప్టెన్ ఆంథనీ మొలోయ్ కప్పు ఎత్తి, సామ్ కొండలకు వస్తోందని కేకపెట్టిన మాట ఆ కౌంటీలో ఇప్పటికీ పిల్లల నోట కూడా వినిపిస్తుంది.

కెప్టెన్‌ను ఎంచే పద్ధతి కౌంటీకో రకం. కెర్రీలో కౌంటీ చాంపియన్‌గా నిలిచిన క్లబ్ తమవాళ్లలో ఒకరిని సూచించడం పాత సంప్రదాయం, అందుకే అక్కడ కెప్టెన్ తరచూ మారతాడు. అక్కడ ఒక ఏడాది కెప్టెన్సీ చేసినవాడిని సుదీర్ఘ సారథి అని పొగిడితే కెర్రీవాళ్లు నవ్వుతారు. డొనెగాల్‌లో మేనేజరు ఎంపిక చేస్తాడు. జిమ్ మగిన్నెస్ 2011 సీజన్ కోసం మర్ఫీని ఎంచినప్పుడు అతనికి 21 ఏళ్లు. అంతకు కొన్ని నెలల ముందే, 2010లో, అండర్ 21 ఆల్ ఐర్లాండ్ ఫైనల్ ఆఖరి క్షణాల్లో మర్ఫీ తన్నిన పెనాల్టీ అడ్డకర్రకు తగిలి వెనక్కి వచ్చింది. డబ్లిన్ 1-10, 1-8తో గెలిచింది. ఆ జట్టు మేనేజరూ మగిన్నెసే, కెప్టెనూ మర్ఫీయే. పెనాల్టీ పోగొట్టిన కుర్రాడికే సీనియర్ జట్టు పగ్గాలు ఇవ్వడం వెనుక ఉన్న నమ్మకం గురించి రాసిన అభిమానులు, కప్పులు లెక్కపెట్టినవాళ్లకంటే మెరుగ్గా రాశారని చెప్పాలి.

తర్వాతి లెక్క చిన్నదేం కాదు. 2011లో, 1992 తర్వాత మొదటిసారి, ఉత్తరాది ప్రావిన్సు అల్స్టర్ టైటిల్. 2012 సెప్టెంబరు 23న ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌లో మేయో మీద 2-11, 0-13తో విజయం. మూడో నిమిషంలో సహచరుడు కార్ల్ లేసీ ఎత్తుగా వేసిన బంతిని అందుకుని, తిరిగి వలలోకి బాదిన గోల్ మర్ఫీదే. మర్ఫీ తండ్రిది మేయో కావడం ఆ రోజుకు దొరికిన ఉప్పూకారం. 2012 తర్వాత 2014, 2018, 2019ల్లో కూడా అల్స్టర్ గెలిచారు. 2014 సెమీఫైనల్లో, ఓటమే లేదనుకున్న డబ్లిన్‌ను 3-14, 0-17తో పడగొట్టి, ఫైనల్లో కెర్రీకి 2-9, 0-12తో తలవంచారు. మర్ఫీ మొదటి సీనియర్ మ్యాచ్ 2007లో, 17 ఏళ్ల వయసులో.

మంచి వీడ్కోలు మాట ఎలా తయారవుతుంది

ప్రకటన వచ్చే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆటగాడు ముందు మేనేజరుకు, కౌంటీ బోర్డుకు చెబుతాడు. తర్వాత కౌంటీ బోర్డు ఖాతాల్లోనో, ఆటగాళ్ల సంఘం ద్వారానో ప్రకటన వెలువడుతుంది. అందులో కుటుంబం, క్లబ్, మేనేజర్లు, వైద్య బృందం, అభిమానులు, ఈ వరస మారదు. గంటలోపే వందల సందేశాలు పడతాయి. స్థానిక రేడియోకు ఫోన్లు మొదలవుతాయి, కౌంటీ వారపత్రిక ప్రత్యేక పేజీలు సిద్ధం చేస్తుంది. ఈ మొదటి గంటే ప్రమాదకరమైనది. పుకారు విని ప్రకటనకు ముందే రాసేస్తే, కెప్టెన్ ఇంకా తన బృందానికి చెప్పుకోని సంగతిని మనం బయటపెట్టినట్టు అవుతుంది. చిన్న కౌంటీలో అది ఎవరి నుంచి పొక్కిందో కూడా అందరికీ తెలిసిపోతుంది.

తరచూ జరిగే తప్పు శ్రద్ధాంజలి ధోరణి. నువ్వు లేని లోటు తీరనిది, మా గుండెల్లో చిరకాలం ఉంటావు లాంటి వాక్యాలు 33 ఏళ్ల వయసులో, వచ్చే ఆదివారం క్లబ్ మ్యాచ్‌కు బూట్లు సర్దుకుంటున్న మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంటాయో ఆలోచించరు. కౌంటీ జట్టు నుంచి తప్పుకోవడం ఆట మానేయడం కాదు. మర్ఫీ క్లబ్ గ్లెన్‌స్విల్లీ. ఆ చిన్న క్లబ్ 2011లో మొదటిసారి డొనెగాల్ చాంపియన్ అయింది, 2013, 2016ల్లో మళ్లీ గెలిచింది. మూడింటిలోనూ మర్ఫీ ఉన్నాడు. క్లబ్ పేరెత్తని వీడ్కోలు సందేశం పరాయివాడు రాసినట్టు ఉంటుంది. తెలిసినవాళ్లు మొదటి వాక్యంలోనే క్లబ్ పేరు పెడతారు.

అంకెల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మొత్తం స్కోరు అని ఒక సంఖ్య వేసేటప్పుడు అది చాంపియన్‌షిప్‌దా, నేషనల్ లీగ్‌తో కలిపా, జనవరిలో ఆడే ప్రొవిన్షియల్ కప్పులు కూడా చేరాయా అన్నది చెప్పాలి. గోల్స్‌ను మూడుతో గుణించారో లేదో చూడాలి. 5-40 అంటే 55, కానీ తొందరలో 45 అని రాసేవాళ్లు ఏటా కనిపిస్తారు. ఫ్రీకిక్‌ల మీద వచ్చినవి, ఆట నడుస్తుండగా కొట్టినవి విడదీస్తే ఇంకా మంచిది. మర్ఫీ విషయంలో అసలు స్కోరు మీదే ఆధారపడితే అన్యాయం చేసినట్టు. 14 నంబరు వేసుకుని, అవసరమైనప్పుడల్లా గోల్ ముందు చోటు వదిలి మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి, గోల్‌కీపర్ ఆట తిరిగి మొదలుపెట్టే కిక్అవుట్‌లు అందుకుని, తనకు రావలసిన పాయింట్లు ఇతరులకు వదిలాడు. గోల్ దగ్గరే నిలబెట్టి ఉంటే ఇంకెన్ని కొట్టేవాడో అన్న వాదన ఆ కౌంటీలో పదేళ్లు నడిచింది, ఇంకా తెగలేదు. ఆ వాదనలో ఏ పక్షమో చెప్పి, ఒక మ్యాచ్‌లో ఒక క్షణాన్ని చూపించిన నాలుగు వాక్యాలు, నలభై విశేషణాల కంటే విలువైనవి.

కప్పుల సంఖ్యతో మనిషిని తూచడం మరో చిక్కు. డబ్లిన్ గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్‌టన్ కెప్టెన్‌గా ఏడుసార్లు సామ్ మగ్వాయర్ ఎత్తాడు, 2013లో ఒకటి, 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు. మర్ఫీది ఒకటే. జనాభా, డబ్బు, శిక్షణ వసతులు ఏవీ సమానం కాని చోట ఈ పోలికకు అర్థం లేదు. కౌంటీ హద్దు దాటి ఆటగాణ్ని కొనలేని పోటీలో ఒకే కప్పు గెలిచిన కెప్టెన్ తన కౌంటీ చరిత్రలో సగభాగం కావచ్చు. ఆర్మాకు 2002లో మొదటి కప్పు తెచ్చిన కీరన్ మగీనీ, టిరోన్‌కు 2003లో మొదటి కప్పు తెచ్చిన పీటర్ కానవన్ కూడా ఇలాంటివాళ్లే.

ఇక మేనేజరు మీద కోపాన్ని కెప్టెన్ వీడ్కోలులో కలిపేయడం. 2022 చివర్లో డొనెగాల్‌లో మేనేజరు కూడా కొత్తగా వచ్చాడు. అభిమానుల సందేశాలు సగంలోనే ఎవరిది తప్పు అన్న చర్చలోకి జారిపోవడానికి అది చాలు. మర్ఫీ లేని తొలి సీజన్, 2023లో, జట్టు లీగ్ మొదటి డివిజన్ నుంచి దిగజారింది, మేనేజరు మార్చిలోనే తప్పుకున్నాడు. ఆ ఫలితం చూస్తే కెప్టెన్ లేని ఖాళీ ఎంతటిదో అర్థమవుతుంది. కానీ వీడ్కోలు రోజున ఆ జోస్యాలు చెప్పడం వల్ల అతని తర్వాత జెర్సీ వేసుకునే 20 ఏళ్ల కుర్రాడి మీద బరువు పెరగడమే తప్ప లాభం లేదు. అలాగే ఎందుకు మానేశాడని ఉద్యోగం, గాయాలు, ఇంటి విషయాలు ఊహించి రాయడం. జీతం తీసుకోని మనిషి దేనికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ప్రత్యర్థి కౌంటీల నుంచి వచ్చే మాటలకు విలువ ఎక్కువ. మాకు నువ్వంటే ఒళ్లు మండేది, అందుకే గౌరవం అన్న తీరు ఆ ఆటలో మర్యాదే. విదేశాల నుంచి రాసేవాళ్లది ఇంకో గొంతు. డొనెగాల్ నుంచి తరాలుగా గ్లాస్గోకు, అమెరికాకు, ఇప్పుడు ఆస్ట్రేలియాకు వలస పోతున్నారు. సిడ్నీలో అర్ధరాత్రి దాటాక లేచి మ్యాచ్ చూసినవాళ్లకు కెప్టెన్ అంటే ఇంటితో మిగిలిన తాడు. గల్ఫ్ నుంచి ఊరి సంగతులు వాకబు చేసే మన కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఐర్లాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా వేసవిలో జీఏఏ నడిపే కూల్ క్యాంపుల్లో, ఊరి క్లబ్‌ల చిన్నపిల్లల జట్లలో చేరుతున్నారు. అక్కడి పిల్లలతో సమానంగా కెప్టెన్ సంతకం కోసం వరసలో నిలబడే ఆ పిల్లల తల్లిదండ్రులకు, ఎందుకీ హడావుడి అన్న సందేహం రావడం సహజం.

క్లబ్ సాయంత్రం, ఫ్రేములు, డబ్బు

మాటల తర్వాత మిగిలేది సభ. దీన్ని నడిపేది సాధారణంగా క్లబ్బే, కొన్నిచోట్ల కౌంటీ కౌన్సిల్ పౌర సన్మానం చేస్తుంది. తేదీ ఎంపికలో జాగ్రత్త కావాలి. క్లబ్ ఇంకా చాంపియన్‌షిప్‌లో ఉండగా పెడితే ఆటగాళ్లు రాలేరు, వచ్చినా ఉండలేరు. క్లబ్ చాంపియన్‌షిప్‌లో ఆట ముగిశాక, లేదా క్రిస్మస్, కొత్త లీగ్ మధ్య విరామంలో పెట్టుకోవడం మేలు. పిల్లల జట్లు క్లబ్ రంగుల్లో రెండు వరసలు కట్టి దారి ఇవ్వడం ఖర్చు లేని పని, ఎక్కువమందికి గుర్తుండేది కూడా అదే. పొగడ్తల ప్రసంగాలు ముగ్గురికి మించకూడదు. చిన్నప్పటి కోచ్, ఒక సహచరుడు, ఒక ప్రత్యర్థి సరిపోతారు. రాజకీయ నాయకుడికి మైకు ఇస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు.

బహుమతి అంటే చాలామటుకు ఫ్రేమ్ కట్టించిన జెర్సీ. ఇక్కడ జరిగే నష్టం అంతా జిగురుతోనే. ఆడిన జెర్సీ పాలియెస్టర్ కాబట్టి జిగురు మరక ఎప్పటికీ పోదు, స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి గుండ్రటి మచ్చలు వదులుతాయి. ఆమ్లం లేని బోర్డు మీద జెర్సీ పరచి, భుజాలు, పక్క కుట్లు, అడుగు అంచు దగ్గర సన్నటి దారంతో వదులుగా కుట్టాలి. అద్దం బట్టకు తగలకూడదు. తగిలితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. అంచున స్పేసరు పెట్టి కనీసం 2 సెంటీమీటర్ల లోతున్న పెట్టె ఫ్రేమ్ వాడాలి. డొనెగాల్ ఆకుపచ్చ, పసుపు రంగులు ఎండకు వెలిసిపోతాయి, కాబట్టి అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దం, కిటికీకి ఎదురుగా లేని గోడ కావాలి. సంతకాలు పెట్టించాలంటే జెర్సీ లోపల అట్ట పెట్టి బట్ట బిగుతుగా ఉండేలా చూసి, బట్ట మీద రాసే మార్కర్‌తో లేత రంగు భాగంలో పెట్టించాలి. ఒక రోజు ఆరనివ్వాలి, ఆ తర్వాత ఉతకకూడదు. ఉతకాలనుకుంటే సంతకాలకు ముందే. నిజంగా మ్యాచ్‌లో వేసుకున్నదైతే, ఉతకమంటారా వద్దా అని ఆటగాణ్నే అడగాలి. కొందరికి ఆ బురదే కావాలి.

డబ్బు ప్రస్తావన రాగానే గాలి మారుతుంది. కెర్రీ తార, 2011లో ఆ కౌంటీ కెప్టెన్ అయిన కోల్మ్ కూపర్, 2017 ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. ఐదు ఆల్ ఐర్లాండ్ పతకాలు, ఏటా ఉత్తమ ఆటగాళ్లకు ఇచ్చే ఆల్ స్టార్ అవార్డులు ఎనిమిది ఉన్న ఆటగాడు. అదే ఏడాది అక్టోబరులో డబ్లిన్‌లో అతని గౌరవార్థం విందు ఏర్పాటు చేశారు, ఒక్కొక్కరికి 500 యూరోలు. కొంత భాగం దాతృత్వ సంస్థలకు ఇస్తామన్నా పెద్ద దుమారమే రేగింది. నిబంధనలు అతిక్రమించలేదని జీఏఏ తేల్చింది, కానీ నిబంధన ఒక్కటే కాదు కదా సమస్య. జీతం లేకుండా ఆడాడన్న కారణంతోనే జనం గౌరవించిన మనిషికి ఆఖర్లో బిల్లు వేసినట్టు కొందరికి అనిపించింది. 15 ఏళ్లు ఊరికే ఆడినవాడికి ఒక్క రాత్రి నాలుగు డబ్బులు వస్తే తప్పేంటని మరికొందరు అడిగారు. రెండో పక్షం వాదనలో న్యాయం ఉంది. అయినా క్లబ్ సభలు నిర్వహించేవాళ్లు ఆ గొడవ చూశాక జాగ్రత్త పడటం మంచిది. టికెట్టు ధర భోజనం ఖర్చుకు దగ్గరగా ఉండాలి. మిగులు ఎవరికి పోతుందో, క్లబ్ మైదానానికా, ఆసుపత్రికా అన్నది టికెట్టు మీదే అచ్చు వేయాలి, తర్వాత లెక్క చూపాలి.

ప్రకటనే చేయని కెప్టెన్ల సంగతి వేరే. క్లక్స్‌టన్ మీడియాకు దూరంగా ఉండే ఉపాధ్యాయుడు. 2020 డిసెంబరు ఫైనల్ తర్వాత 2021లో జట్టుతో కనిపించలేదు, ఏ ప్రకటనా ఇవ్వలేదు. వీడ్కోలు చెప్పాలా వద్దా తెలియక డబ్లిన్ అభిమానులు రెండేళ్లు ఊగిసలాడారు. 2023లో ఆయన చడీచప్పుడు లేకుండా తిరిగివచ్చి, ఆ జులైలో కెర్రీ మీద గెలిచి తొమ్మిదో పతకం అందుకున్నాడు. అప్పటికి వీడ్కోలు వ్యాసాలు రాసి ఉంచుకున్నవాళ్లు కాగితాలు మడిచి సొరుగులో పెట్టారు.

మర్ఫీ విషయంలోనూ అదే జరిగింది. మగిన్నెస్ మేనేజరుగా తిరిగి వచ్చాక, 2025 సీజన్‌కు మర్ఫీ కూడా వచ్చాడు. ఆ ఏడాది కెప్టెన్సీ మాత్రం ప్యాట్రిక్ మెక్‌బ్రియర్టీ దగ్గరే ఉండిపోయింది. ఆ మేలో క్లోనెస్‌లోనే, అదే ఆర్మా మీద, అదనపు సమయం దాకా సాగిన అల్స్టర్ ఫైనల్‌ను డొనెగాల్ 2-23, 0-28తో ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. జులైలో ఆల్ ఐర్లాండ్ ఫైనల్లో కెర్రీ 1-26, 0-19తో వారిని ఓడించింది. 2022లో వీడ్కోలు చెప్పినవాళ్లకు రెండోసారి చెప్పాల్సిన పని పడుతుంది, దానికి ఎవరూ నొచ్చుకోరు. కానీ ఇత్తడి ఫలకాల మీద 2007–2022 అని చెక్కించి ఉంటే అవి తప్పయిపోయినట్టే. కాబట్టి ఆట మొదలు, ముగింపు సంవత్సరాలు చెక్కించే బదులు కెప్టెన్‌గా ఉన్న కాలం చెక్కించాలి. 2011–2022 అన్నది మారదు.